ముందు కన్నం, తర్వాత బోను: ఇంట్లోకి ఎలుకలు రాకుండా ఎలా చేయాలి

రాత్రి పదకొండు దాటాక అటక మీద గరగరమని చప్పుడైతే, తెల్లారగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. ఎలుకల మందు తెచ్చి బీరువా కింద పెట్టేస్తాం. ఈ ఒక్కసారికి ఆ పని ఆపండి. గుంటూరు బ్రాడీపేటలో, పక్కింటి గోడకి ఆనుకున్న పాత ఇంట్లో మేం చాలా ఏళ్ళుగా ఉంటున్నాం. మొదట్లో నేనూ మందే పెట్టాను. ఎలుకలు చచ్చేవి, నెల తిరిగేసరికి కొత్తవి దిగేవి. అవి వచ్చే దారి తెరిచే ఉంది మరి. ఒకటి చస్తే దాని చోటు ఖాళీ అవుతుంది, సైడు కాలువలోంచి ఇంకొకటి వచ్చి చేరుతుంది. మేస్త్రీని పిలిచి కన్నాలు మూయించిన తర్వాతే మా ఇంట్లో చప్పుడు ఆగింది.

అందుకే పని ఈ వరసలో చేయండి: వచ్చింది ఏ రకమో తెలుసుకోవడం, తిండి అందకుండా చేయడం, దారులు మూయడం, లోపల చిక్కుకున్నవాటిని బోనులో పట్టడం. మందు చివరి మాట.

ఆలస్యం మాత్రం చేయకండి. చిట్టెలుక మూడు వారాలు మోసి ఐదారు పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు ఇంచుమించు ఆరు వారాలకే మళ్ళీ పిల్లలు పెట్టే వయసుకి వస్తాయి. ‘ఒక్కటే కదా, చూద్దాంలే’ అనుకుంటే రెండు నెలల్లో లెక్క మారిపోతుంది.

వచ్చింది ఎవరో చూడండి

దీనికి కావలసింది గుప్పెడు ముగ్గుపిండి. రాత్రి అంట్లు తోమి, గట్టు తుడిచేశాక, టీ వడకట్టే జల్లెడలో ముగ్గుపిండి వేసి గోడ వారగా, గ్యాస్ బండ వెనక, సింకు కింద, తలుపు మూలల్లో పల్చగా జల్లండి. బియ్యప్పిండి మాత్రం వద్దు, అది తినేస్తాయి. పొద్దున్నే ఎవరూ తొక్కకముందు లైటు వేసి, కింద కూర్చుని చూడండి. ముందుకాలి ముద్రలో నాలుగు వేళ్ళు, వెనక్కాలి ముద్రలో ఐదు వేళ్ళు ఉంటే అది ఎలుకో చిట్టెలుకో. ముద్రల మధ్య సన్నగా గీత ఉంటే అది తోక ఈడ్చుకెళ్ళిన జాడ. ముందు, వెనక రెండిటికీ ఐదేసి వేళ్ళుంటే వచ్చింది చుంచు. పొడుగు మూతితో, కీచుకీచుమంటూ గోడవారగా పరిగెత్తి కంపు వదిలిపోయేది అదే. చుంచు అసలు ఎలుక జాతిదే కాదు. దాని తిండి బొద్దింకలు, పురుగులు. దానికి మీరు పెట్టే నూకల మందు పనిచేయదు, బొద్దింకలు తగ్గిస్తే అదే పోతుంది.

ముద్రల సైజు కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అడుగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయాయో చూడండి. మా ఇంట్లో రెండో రోజుకే తెలిసిపోయింది. అడుగులన్నీ వాషింగ్ మెషీన్ నీళ్ళు బయటికి పోయే గొట్టం దగ్గర మొదలయ్యాయి. అంతకుముందు ఏడాదంతా మేం తలుపుల్ని అనుమానించాం.

ఇక పెంటికలు. బియ్యపు గింజంతే ఉంటే చిట్టెలుక, దానికి రెండింతల పొడుగుంటే పెద్ద ఎలుక. అటక మీద, పైపుల మీద, కేబుల్ తీగల మీద నడిచేది మామూలు ఇంటి ఎలుక. దాని తోక ఒంటికంటే పొడుగు, ఎక్కడంలో దాన్ని మించింది లేదు. అది రోజూ తిరిగే దారిలో గోడ మీద జిడ్డుగా నల్లటి చార పడుతుంది. పెరట్లో, బట్టలుతికే బండ దగ్గర, కాలువ గట్టున కలుగు తవ్వి బయట మట్టి కుప్ప పోసేది పందికొక్కు. ఒక్కోదానికి ఒక్కో రకం పని ఉంటుంది కాబట్టి ఈ తేడా తెలియాలి.

తిండి దాచండి

బియ్యం, పప్పులు మూత బిగుసుకునే స్టీలు డబ్బాల్లోకి మార్చండి. పల్చటి ప్లాస్టిక్ డబ్బా మూత అంచుని ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. ఎలుక ముందు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అందుకే అది ఏదో ఒకటి కొరుకుతూ ఉండాలి. ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలు తెచ్చుకునే ఇళ్ళలో వాటిని నేల మీద, గోడకి ఆనించి వేయొద్దు. బల్ల మీద, గోడకి అడుగు ఎడంగా పెడితే వెనక్కి వెళ్ళి ఊడ్చే వీలుంటుంది, గూడు కడితే కనిపిస్తుంది. ఎండుమిర్చి బస్తాకి ఎలుక రాదని మన వైపు గట్టి నమ్మకం. నేనూ అదే నమ్మకంతో ఊరగాయల కోసం తెచ్చిన మిర్చి బస్తాని నెలన్నర మూల పడేశాను. తీసి చూస్తే అడుగున గోనె పీచంతా చీల్చి మెత్తటి గూడు, అందులో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు ఐదు.

పప్పు డబ్బాలు అందరూ చూసుకుంటారు. మనం మర్చిపోయేవి వేరే ఉన్నాయి. దేవుడి గూట్లో కొబ్బరి చిప్పలు, అటుకులు రాత్రి పూట ఉంచొద్దు. దీపపు కుందిలో నూనె వత్తి మరీ ముఖ్యం. నూనె కోసం ఎలుక వెలుగుతున్న వత్తిని కూడా లాక్కెళ్తుంది, అది ఏ పాత పేపర్ల మీదో పడితే ఇల్లే అంటుకుంటుంది. పడుకునే ముందు దీపం కొండెక్కిందో లేదో చూసి, వత్తి తీసి మూత ఉన్న డబ్బాలో వేయండి. పిచ్చుకల కోసం వరండాలో వేలాడదీసే వరికంకుల కుచ్చు చాలా మంచి అలవాటే, కానీ కింద రాలిన గింజలు సాయంత్రానికల్లా ఊడ్చేయండి. కుక్కకి పెట్టిన గిన్నె తీసేయండి. తడి చెత్త బకెట్టుకి మూత ఉండాలి. స్నానాల గదిలో సబ్బుని కూడా తింటాయి, డబ్బాలో పెట్టండి.

దారులు మూయండి

అసలు పని ఇక్కడ ఉంది, డబ్బు, టైమ్ ఇక్కడ పెట్టండి. చిట్టెలుక దూరడానికి ఆరు మిల్లీమీటర్ల సందు చాలు, అంటే ఇంచుమించు పెన్సిల్ లావు. పెద్ద ఎలుక పిల్లకి దానికి రెండింతలు చాలు. చేతిలో పెన్సిల్ పట్టుకుని ఇల్లంతా తిరగండి. అది ఎక్కడ దూరితే అక్కడ చిట్టెలుక దూరుతుంది.

పట్టపగలు తలుపులు, కిటికీలు మూసి, లైట్లు ఆర్పి, గదిలో కళ్ళు చీకటికి అలవాటయ్యేదాకా ఆగండి. ఎక్కడ వెలుతురు చుక్క కనిపిస్తే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. సింకు కింద, మెషీన్ వెనక అలా తెలియదు. అక్కడ ఒకరు బయట నిలబడి పైపు చుట్టూ టార్చ్ కొట్టాలి, ఒకరు లోపల చూడాలి. ఏసీ రాగి గొట్టం వెళ్ళే రంధ్రం, నీళ్ళ పైపులు గోడలో దిగే చోటు, కరెంటు మీటరు పెట్టె వెనక, ఎగ్జాస్ట్ ఫ్యాను, గోడకీ కప్పుకీ మధ్య సందు, పెంకుటిల్లయితే చూరు: వీటిని వదలొద్దు.

మూసే పద్ధతి మాకు తాపీమేస్త్రీ నేర్పాడు. నేను ఉత్త సిమెంటు కలిపి పెట్టమంటే, ‘అమ్మా, పచ్చి మీదుంటే రాత్రికే తోడేస్తుంది, ముందు లోపల ఇనుము కూరాలి’ అన్నాడు. అంట్లు తోమే స్టీలు పీచు రెండు మూడు తెప్పించి, విప్పి, కన్నంలోకి స్క్రూడ్రైవర్‌తో వదులు లేకుండా దట్టించాడు. దాని మీద ఇసుక సిమెంటులో పగిలిన గాజు పెంకుల్ని కలిపి మెత్తాడు. ఎలుక పచ్చి సిమెంటుని గీకినా మూతికి స్టీలు తగులుతుంది, ఆగిపోతుంది. పీచు కొనేటప్పుడు తుప్పు పట్టనిది చూసుకోండి. తుప్పు పట్టే రకమైతే ఒక్క వర్షాకాలానికే పొడైపోతుంది. చిన్న సందులకి ఎం-సీల్ సరిపోతుంది. డబ్బాలోంచి నురగలా వచ్చే ఫోమ్, థర్మోకోల్, గుడ్డ పీలికలు, చెక్క ముక్క: ఇవేవీ నిలవవు, వాటిని కొరకడం ఎలుకకి పనే కాదు.

తలుపు కింద సందుకి అల్యూమినియం పట్టీ వేయించండి. ఉత్త రబ్బరు పట్టీని మూల నుంచి కొరికేస్తుంది. నీళ్ళు పోయే తూములన్నిటికీ స్టీలు జాలీ బిగించి సిమెంటు చేయించండి, పైన ఊరికే పెట్టే జాలీని తోసేసి వస్తాయి. కిటికీలకి నైలాను దోమతెర మంచిదే గానీ ఎలుకని ఆపలేదు. వంటింటి కిటికీ ఒక్కదానికైనా స్టీలు జాలీ పెట్టండి.

గ్యాస్ పొయ్యి రబ్బరు గొట్టం కూడా ఈ రోజే చూడండి. పంటి గాటు ఒక్కటి కనిపించినా మార్చేయండి. లోపల స్టీలు తీగ అల్లిక ఉన్న సురక్ష గొట్టాలు గ్యాస్ ఏజెన్సీలో దొరుకుతాయి, వాటినీ ఐదేళ్ళకోసారి మార్చాలి. ఇందులో డబ్బు చూసుకోవద్దు.

ఇంటి బయట, గోడకి మీటరు దూరంలోపు ఉన్న కొమ్మలు కొట్టించండి. కిటికీ మీదికి పాకిన మల్లెపందిరి ఎలుకకి నిచ్చెన. కొబ్బరిచెట్టు ఉంటే మనిషి ఎత్తుకి పైన మాను చుట్టూ అడుగున్నర వెడల్పున నున్నటి రేకు బిగించండి. గోళ్ళకి పట్టు దొరక్క జారిపోతుంది. అయితే ఆకులు డాబాకి తగులుతుంటే ఆ రేకు పెట్టీ లాభం లేదు.

పెరట్లో పందికొక్కు ఉంటే

సాయంత్రం కనిపించిన కలుగులన్నిటినీ తడిమట్టితో మూసేయండి. పొద్దున ఏవి మళ్ళీ తెరుచుకుని ఉంటే వాటిలోనే కాపురం ఉన్నట్టు. ఆ కలుగుల నోటి పక్కన పెద్ద బోను పెట్టండి. రెండు మూడు రోజులు వరసగా ఏ కలుగూ తెరుచుకోకపోతే అప్పుడు కంకర రాళ్ళు, గాజు పెంకులు దిగ్గొట్టి సిమెంటు పోయించండి. కలుగులోకి చెయ్యి, కాలు పెట్టకండి, ఎలుకల కోసం వచ్చిన పాములు వాటిలోనే ఉంటాయి. జెర్రిపోతు కనిపిస్తే మాత్రం దాన్ని చంపనివ్వకండి. దానికి విషం లేదు, ఎలుకలే దాని తిండి.

ధాన్యం బస్తాల్లో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు కలుగులో వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తడి తగిలితే దాన్లోంచి వచ్చే గాలి ప్రాణం తీస్తుంది. అది నేల పగుళ్ళ గుండా పడకగదిలోకి చేరుతుంది. ఇళ్ళల్లో, ఇంటి చుట్టుపక్కల దాన్ని వాడనే వాడకూడదు.

బోను పెట్టడం

కన్నాలు మూసిన రాత్రే బోను పెట్టాలి, ఎందుకంటే లోపల ఉన్నవి బయటికి పోలేక తిండి కోసం వెతుకుతాయి. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే భయం. బోను తెచ్చిన రోజే రాలేదని పారేయొద్దు. మూడు నాలుగు రోజులు తలుపు పడకుండా కట్టేసి, లోపల ఎర పెట్టి వదిలేయండి. భయం పోయి తిని వెళ్ళడం మొదలుపెట్టాక ఐదో రాత్రి కట్టు విప్పండి. చిట్టెలుక అలా కాదు, కొత్తది కనిపిస్తే వచ్చి చూస్తుంది. కానీ అది ఎక్కువ దూరం తిరగదు కాబట్టి ఒక్క బోను చాలదు, రెండు మూడు మీటర్లకి ఒకటి పెట్టాలి.

గది మధ్యలో పెట్టిన బోనుకి ఎలుక రాదు. దాని దారి గోడ వారనే. ముగ్గుపిండి మీద చూసిన దారిలో, బోను నోరు ఆ దారికి ఎదురుగా ఉండేలా పెట్టండి. ఎరకి నా అనుభవంలో నిప్పుల మీద కాల్చిన ఎండుచేప, కాల్చిన కొబ్బరి ముక్క, పాతబడని ఉల్లిపకోడీ బాగా పనిచేశాయి. ముక్కని దారంతో కట్టండి, ఊరికే పెడితే లాక్కుని పోతుంది.

చెక్క బోను పట్టీ గట్టిగా పడితే ఎలుక వెంటనే చనిపోతుంది. పిల్లలున్న ఇంట్లో దాన్ని అట్టపెట్టెలో పెట్టి రెండు వైపులా కన్నం చేయండి. ఇనుప బోనులో పడ్డదాన్ని పక్క వీధిలో వదిలితే మీ కష్టం పక్కవాళ్ళకి ఇచ్చినట్టే, పైగా తిరిగి వచ్చేయొచ్చు. ఇళ్ళకి బాగా దూరంగా తీసుకెళ్ళాలి. జిగురు అట్టలు మాత్రం నేను తేను. అతుక్కున్న ఎలుక గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా చావలేక బతకలేక కొట్టుకుంటుంది, బల్లులు, పిచ్చుకలు కూడా అంటుకుంటాయి. జంతు సంక్షేమ బోర్డు కూడా వీటిని వాడొద్దనే చెప్పింది.

మందు గురించి

నేను మందు మానేసింది ఒక వేసవిలో. తిన్న ఎలుక వంటింటి అరల వెనక గోడకీ చెక్కకీ మధ్య చచ్చింది. మూడో రోజుకి వాసన, ఐదో రోజుకి పెద్ద ఈగలు. అరలు విప్పించేదాకా ఇంట్లో అన్నం తినలేకపోయాం. మందు తింటే ఎలుక బయటికి పోయి చస్తుందని కొట్లో చెప్పే మాట నమ్మొద్దు.

తప్పనిసరైతే బ్రోమాడియోలోన్ కేకులు వాడండి. అది నెత్తురు గడ్డకట్టనివ్వదు, ఎలుక కొన్ని రోజులకి చస్తుంది. మనుషులు పొరపాటున తింటే విటమిన్ కె ఇంజెక్షన్‌తో వైద్యం ఉంది. కేకుని పిల్లల చెయ్యి దూరని, తాళం వేసే పెట్టెలో పెట్టండి. జింక్ ఫాస్ఫైడ్ నల్ల పొడికీ, పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టుకీ విరుగుడు లేదు. వాటిని ఇంట్లోకి రానివ్వకండి. పేస్టు తిన్న మనిషి ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ‘ఏం కాలేదులే’ అని ఇంట్లో ఉంచుకోకండి. మందు ఏదైనా సరే, నోట్లో పెట్టుకున్నట్టు అనుమానం వచ్చినా 108కి ఫోన్ చేసి, ప్యాకెట్టు చేతిలో పట్టుకుని వెళ్ళండి. పాలు, నూనె తాగించొద్దు, వాంతి చేయించొద్దు.

కర్పూరం, పుదీనా నూనె, ప్లగ్గులో పెట్టే శబ్దం మెషీన్లు, కారు బానెట్‌లో మన వైపు పెట్టే పొగాకు ఆకులు, ఇవన్నీ రెండు మూడు రోజుల ముచ్చట. వాసనకీ శబ్దానికీ ఎలుక అలవాటు పడుతుంది. కలరా ఉండలు చంటిపిల్లలున్న గదిలో అసలు వద్దు, కొందరు పిల్లల్లో అవి రక్తకణాల్ని చిదిపేస్తాయి.

చంటిపిల్లల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2015 ఆగస్టులో మన గుంటూరులోనే ఆసుపత్రిలో ఉన్న పసికందు ఎలుకలు కొరికి చనిపోయిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. పాల వాసనకి ఎలుక వస్తుంది. ఇంట్లో ఎలుక తిరుగుతోందని తెలిస్తే బిడ్డ మూతి, చేతులు తుడిచి పడుకోబెట్టండి, పాలసీసా పక్కలో వదలకండి, పక్క మీద దోమతెర అంచులు లోపలికి మడవండి. ఎలుక కొరికితే ఎవరినైనా సరే, సబ్బు నీళ్ళతో పావుగంట కడిగి డాక్టరుకి చూపించండి.

శుభ్రం చేసేటప్పుడు

పెంటికల్ని పొడి చీపురుతో ఊడ్చకండి, దుమ్ము ముక్కులోకి పోతుంది. చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, పేపరుతో తీసి కవర్లో కట్టి పారేయండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. వానాకాలం కాలువలు పొంగి వీధిలో నీళ్ళు నిలిచినప్పుడు కాలి మీద పుండు, పగుళ్ళు ఉన్నవాళ్ళు చెప్పుల్లేకుండా అందులో దిగొద్దు. ఆ తర్వాత జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళెర్రబడటం ఉంటే ‘నీళ్ళలో నడిచాను’ అని డాక్టరుకి చెప్పండి, మందులున్నాయి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు ఒక్కరే కష్టపడితే ఫలితం ఉండదు. పైపులు దిగే డక్టు, లిఫ్టు గుంట, కింద చెత్త పోసే చోటు అందరివీ. అసోసియేషన్ మీటింగులో మాట్లాడి, అందరూ ఒకే వారంలో కన్నాలు మూయించండి. ఏప్రిల్, మే మంచి నెలలు. సిమెంటు బాగా ఆరుతుంది, తొలకరికి కలుగుల్లో నీళ్ళు చేరి ఎలుకలు ఇళ్ళ మీద పడేలోపు పని అయిపోతుంది. పొలాల పక్కన కొత్తగా కట్టిన ఇళ్ళయితే వరి కోతలయ్యాక, నవంబరు, డిసెంబరుల్లో మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. పొలంలో గింజ అయిపోయాక అవి మన గుమ్మం వైపే వస్తాయి.

చివరిగా మళ్ళీ ముగ్గుపిండి జల్లండి. వారం రోజులు వరసగా దాని మీద గీత పడకపోతే బోనుని వేడినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, అటక మీద పెట్టేయండి. ఒక్క ముద్ర కనిపించినా పెన్సిల్, టార్చ్ పట్టుకుని ఆ అడుగులు మొదలైన చోటికి వెళ్ళండి. మాకు రెండోసారి దొరికిన కన్నం ఫ్రిజ్ వెనక, స్విచ్ బోర్డు కింద, నా చిటికెన వేలు కూడా సరిగ్గా దూరనంత చిన్నది.